అటూ ఇటూ మారిన బానెట్లు

పాత కార్లున్న వాళ్ళందరికీ ఆమె సీట్లక్క. కార్ల సీట్లు కుట్టడం ఆమె పని. సీట్లు కుట్టేవాళ్ళకు కారు లోపలి గుట్టంతా తెలుస్తుంది. తలుపు లోపలి అట్ట ఊడదీసినా, సీటు కింది ఇనుప చట్రం బయటికి లాగినా, ఎప్పుడో ఫ్యాక్టరీలో ఎవరో సుత్తితో కొట్టిన అంకెలు కనబడతాయి. మొదట్లో ఆమె వాటిని పట్టించుకోలేదు. ఒకసారి ఒకే కారుకు రెండు తలుపుల్లో రెండు రకాల అంకెలు చూసి, ఇదేమిటని భర్తను అడిగింది. అతను కార్లకు రంగులేసే పెయింటరు. ఇద్దరిదీ ఒకటే షెడ్డు. ఆ రోజుల్లో తలుపులూ బానెట్లూ ఏ కారువి ఆ కారుకు చేత్తో అరగదీసి అమర్చేవారనీ, కలగాపులగం కాకుండా అన్నిటిమీదా ఆ కారు నంబరే కొట్టేవారనీ అతను చెప్పాడు.

అంతే, ఆమెకు అదో పిచ్చి పట్టుకుంది. కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడవడం, పల్చటి కాగితం పెట్టి పెన్సిలు ముక్కతో రుద్దడం, అంకెలు తేలగానే పసిపిల్లలా మురిసిపోవడం. పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టిన చోట ఇనుము నున్నగా తగులుతుంది. ఆమె దాన్ని కళ్ళు మూసుకుని వేలికొసలతో పట్టేసేది.

ఒకరోజు పొద్దున్నే రిటైరైన హెడ్మాస్టారూ, మందుల షాపు నడిపే ఆయన బావమరిదీ చెరో కారులో వచ్చారు. రెండూ ఒకే మోడలు, ఒకే లేత ఆకుపచ్చ. ఎవరి కారు అసలుసిసలుదన్న విషయంలో ఇద్దరికీ ఏళ్ళ తరబడి వాదన. పాత కార్ల ప్రదర్శన దగ్గర పడింది కనుక సీట్లక్కే తేల్చాలన్నారు.

ముందు హెడ్మాస్టారి కారు చూసింది. తలుపులు, డిక్కీ మూత, సీటు చట్రాలు అన్నీ ఒకే నంబరు. ఆఖరికి బానెట్ ఎత్తి, కీలు పక్కన గడ్డకట్టిన రంగును థిన్నర్ గుడ్డతో మెత్తబరిచి కాగితం పెట్టి రుద్దింది. వేరే నంబరు తేలింది. ఇంకో కాగితం తీసుకుని రెండో కారు దగ్గరికి వెళ్ళింది. హెడ్మాస్టారి కారు నంబరు అక్కడి బానెట్ మీద ఉంది.

ఆమె రెండు కాగితాలూ మడిచి దాచుకుంది. పెళ్ళయిన కొత్తలో, ఆమె ఇంకా షెడ్డులో అడుగుపెట్టకముందు, ఆ రెండు కార్లకూ ఒకేసారి రంగేసింది తన భర్తే. రేపు చెబుతానని చెప్పి వాళ్ళను పంపేసింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర విషయం చెప్పింది. అతను ముద్ద కంచంలో పెట్టేశాడు.

"రెండు బానెట్లూ పక్కపక్కనే ఆరబెట్టాను, బిగించేటప్పుడు తారుమారై ఉంటాయి," అన్నాడు. "నీకు తప్ప ఇంకెవరికీ తెలీదుగా?"

"నాకు తెలుసుగా," అందామె.

అతను చెయ్యి కడుక్కొచ్చాడు. "సరే. నువ్వు చెప్పొద్దు, నేనే చెబుతాను."

మర్నాడు అన్నమాట ప్రకారం అతనే చెప్పాడు. పక్కన ఆమె కాగితాలు పట్టుకుని నిలబడింది. హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి స్టూలు మీద కూలబడ్డారు. ముందుగా నవ్వింది బావమరిది.

"అంటే బావా, ఇన్నాళ్ళూ తెల్లారిలేచి నువ్వు తుడిచింది నా బానెట్టా?"

"నీది నేను అద్దంలా ఉంచాను. మరి నాదేం చేశావు నువ్వు? ఆ సొట్టేమిటి?"

బావమరిది నవ్వు తగ్గించాడు. ఆ సొట్ట హెడ్మాస్టారి కూతురు చేసిందేనట. చిన్నప్పుడు మేనమామ ఇంటికి వచ్చి, బానెట్ ఎక్కి గెంతిందట. "నీకు తెలిస్తే దానికి తిట్లు పడతాయని చెప్పలేదు," అన్నాడు.

హెడ్మాస్టారు లేచి వెళ్ళి, ఆ సొట్టలో అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డారు.

తుప్పు పట్టిన బోల్టులకు నూనె పోసి పెయింటరే విప్పాడు. నలుగురూ తలో చెయ్యి వేసి బానెట్లు మార్చారు. హెడ్మాస్టారి కారుకు ఒక పక్క చిటికెన వేలు దూరేంత సందు ఉండేది. బానెట్ లొడలొడలాడకుండా ఆయన రబ్బరు ముక్క కుక్కుతూ వచ్చారు. ఇప్పుడు ఆ సందు లేదు. ఆయన బానెట్ ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. సొట్ట తీసేయమంటారా అని పెయింటరు అడిగితే ఉండనివ్వమన్నారు.

బావాబావమరుదులు ఎవరు బాగా తుడిచారన్న కొత్త వాదన ఎత్తుకుని కార్లెక్కారు.

సాయంత్రం పెయింటరు టీ గ్లాసులు పట్టుకొచ్చేసరికి భార్య ఇంకో పాత కారు తలుపు దగ్గర గొంతుక్కూర్చుని కాగితం మీద పెన్సిలు రుద్దుతోంది.

"అదీ నేను రంగేసిందేనా?" అని అడిగాడు.

"కాదులెండి, కంగారుపడకండి," అంటూ ఆమె గ్లాసు అందుకుంది.

అతను పక్కనే ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, అంకెలు ఒక్కొక్కటిగా తేలుతుంటే తనూ వంగి చూశాడు.