తోడికోడలి తొట్టెలో నా పగడం

మా తోడికోడలి ఇంట్లో అద్దాల తొట్టె ముందు నిలబడి అందరూ నోరెళ్ళబెట్టి చూసే ఆ ఆకుపచ్చ పగడం నాది. నా తొట్టెలోంచి నా చేత్తో విరిచి ఇచ్చిన ముక్క. ఈ సంగతి తను ఎవరికీ చెప్పదు. అందుకని నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

నాకు తెలిసినంతలో అరకులోయలో ఉప్పునీటి తొట్టె పెట్టిన మొదటి మనిషిని నేనే. మేం నడిపే హోమ్‌స్టేకి వచ్చినవాళ్ళు ముందుగదిలో కాసేపు కూర్చుంటారని పెట్టాను. "వైజాగులో సముద్రం సూసొచ్చినోళ్ళకి కొండమీద మళ్ళీ సముద్రమేటే?" అని మా అత్త నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

మాకు కుళాయిలో వచ్చేది కొండ ఊట నీరు. తాగడానికి అమృతంలా ఉంటుంది గాని, పగడానికి కావలసినదేదీ అందులో ఉండదు. వైజాగు నుంచి కిరండూల్ రైల్లో తెప్పించుకున్న తొట్టె ఉప్పు కలిపి దాన్ని సముద్రపు నీరుగా చేస్తాను. అంతటితో అయిపోదు. పగడం పెరిగేకొద్దీ నీళ్ళలోని కాల్షియాన్నీ, క్షారతనీ లాగేసుకుని తన ఒంటికింద రాయి కట్టుకుంటుంది. అది వాడుకున్నంతా మనం మళ్ళీ నింపుతూ ఉండాలి. క్షారత కొలవాలంటే తొట్టెలో నీళ్ళు గాజు గొట్టంలోకి తీసి, నీలంగా ఉన్నవి పసుపుపచ్చగా మారేదాకా మందు చుక్కలు వేయాలి. తొందరగా మారాయంటే క్షారత తగ్గినట్టు. నా నీళ్ళు ఎప్పుడు చూసినా తొందరగానే మారేవి. డబ్బాల్లో వచ్చే పొడులు కొలిచి కలిపేదాన్ని. నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే.

మా మరిది ఇల్లు మా ప్రహరీలోనే ఉంది. తోడికోడలు రోజూ వచ్చి నా తొట్టె ముందు నిలబడేది. అలా చూసి చూసి తనూ ఒక తొట్టె పెట్టుకుంది. నోరు తెరిచి అడక్కపోయినా, ఉన్నవాటిలో బాగున్న కొమ్మ విరిచి స్టీలు గిన్నెలో వేసి ఇచ్చాను.

"బతుకుతాదంటావా అప్పా?" అంది.

"నీళ్ళు సరిగ్గా చూసుకుంటే బతుకుతుంది" అన్నాను.

బతకడమా! నా తల్లి పగడం చిగుళ్ళు తెల్లబడుతుంటే తన దగ్గరున్న పిల్ల ముక్క గుబురుగా కొమ్మలేసింది. తన తొట్టెలో రాళ్ళకి కూడా, నీళ్ళు కుదిరితేనే పట్టే ఊదారంగు వచ్చింది. మా గదుల్లో దిగినవాళ్ళు మా ఇంట్లో టిఫిన్ తిని, చెయ్యి కడుక్కుని, పక్కింటి తొట్టె చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు మా అత్త తీరిగ్గా అంది: "పెద్దకోడలి తొట్టిలో ఉప్పునీళ్ళున్నాయి. సిన్నకోడలి తొట్టిలో సముద్రమున్నాది."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, నేను వండిన అన్నం నోట్లో పెట్టుకునే.

తోడికోడలు నీళ్ళలో ఏదో కలుపుతోందని నాకు అనుమానం. తనతో మాట్లాడుతూనే కళ్ళు తొట్టె మీదే ఉంచేదాన్ని. ఒకరోజు గుట్టు దొరికింది. తొట్టె పైన మేకుకి ఒక సీసా, దానికి ఆసుపత్రిలో సెలైన్‌కి పెట్టే గొట్టం, అందులోంచి చుక్కలు చుక్కలుగా పడుతున్న నీళ్ళు. వెనక వసారాలో మూతపెట్టిన జాడీ, జాడీ అంచుకి సున్నం. అర్థమైపోయింది. గుల్ల సున్నం! సముద్రపు గుల్లల్ని కాల్చి చేసేదే కదా, అందులో ఉన్నదంతా కాల్షియమే. అయినా నాకు ఒక్క మాట చెప్పలేదు. నేనడగాలా? తను అడిగాకే నేను కొమ్మ ఇచ్చానా?

శుక్రవారం సంతలో సున్నం కొన్నాను. ఏటా మా గోడలకి వెల్ల వేసేది నేనే, సున్నం నాకు కొత్తేమీ కాదు. బక్కెట్లో నానబెట్టాను. వెల్ల వేసేటప్పుడు అడుగున పేరుకోకుండా కర్రతో బాగా కలుపుతాం కదా, అలాగే కలిపి, పాలలా అయ్యాక చెంబుతో తొట్టెలో పోశాను. సీసాలూ గొట్టాలూ పెట్టి నీలగడం దేనికి అనుకున్నాను.

క్షణంలో తొట్టె తెల్లబడిపోయింది. జనవరి పొద్దున లోయలో పొగమంచు దిగినట్టు, లోపల చేపలు కూడా కనిపించలేదు. తర్వాత ఆ తెలుపంతా పొడిపొడిగా రాళ్ళ మీదికి రాలింది. నేను కొత్తగా ఉప్పునీళ్ళు కలిపి, చేపల్ని అందులోకి తీస్తుంటే తోడికోడలు పరుగెత్తుకొచ్చింది.

"ఒలమ్మా! అప్పా, ఏటి సేసీసినావు? సున్నం కలిపీసి పోసీసినావా? పైనున్న తేటే కదా పొయ్యాల, అదీ సుక్క సుక్కగా! మాయమ్మ మిఠాయికి గుమ్మడికాయ ముక్కలు నానబెట్టేది ఆ తేటలోనే."

"ఆ ముక్క ముందు చెప్పకూడదూ?"

"నువ్వడగనేదు కదప్పా!"

చేపలు బతికాయి. పగడం ఒంటి మీది పచ్చదనమంతా పొరలు పొరలుగా ఊడిపోయి తెల్లటి ఎముక మిగిలింది. నేను పెంచిన పగడం ఇక ఈ లోకంలో ఒక్కచోటే ఉంది.

మా ఆయన మర్నాడే అన్నాడు, "ఎల్లి ముక్క అడగరాదా?" అని. వెళ్ళలేదు. ఆ వానాకాలమంతా రాళ్ళూ చేపలే పెట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళు తొట్టెలోకి ఒక చూపు చూసి, "పగడాలున్నది పక్కింట్లోనాండీ?" అనేవాళ్ళు. అది భరించలేకే చివరికి ఆ స్టీలు గిన్నె పట్టుకుని వెళ్ళాను.

"నా పగడంలో ముక్క నాకియ్యి" అన్నాను.

తను అన్నిటికంటే మంచి కొమ్మే విరిచింది. నాసి ముక్క ఇచ్చి ఉంటే నాకెంతో హాయిగా ఉండేది. గుమ్మంలో కూర్చున్న మా అత్త, "సూసినారా, సిన్నదానిది ఎంత పెద్ద మనసో!" అంది. మొదట నేనిచ్చినప్పుడు ఈ మనసు మాట ఎవరి నోటా రాలేదు.

ఇప్పుడు నా తొట్టె మీదా ఒక సీసా ఉంది. తేట చుక్కలుగా పడుతుంది, నీళ్ళు తొందరపడి పసుపెక్కవు. ముక్కకి కొత్త కొమ్మలొచ్చాయి. తనది దీనికన్నా పెద్దదే. వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను.

మొన్న ఒకాయన తోడికోడలి తొట్టె చూసి వచ్చి, నా తొట్టె దగ్గర వంగి, "ఆవిడ మీకిచ్చిన ముక్క ఇదేనాండీ? బాగా పెరుగుతోందే!" అన్నాడు.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. ఆయన చేతిలో కాఫీ చల్లారిపోయింది పాపం. మళ్ళీ వేడిచేసి ఇచ్చాను, అంతా విన్నాకే.