చెప్టూ వెనకాల ఎనిమిది వారాలు

ఇతెన్ ఊరి ఎర్రమట్టి దారిలో జెరోప్‌ని దాటిన ఆడమనిషి ఎక్కువసేపు ముందుండేది కాదు. పక్కన అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, జెరోప్ కాళ్ళు వాటంతటవే వేగం అందుకునేవి. పొద్దున ఆరింటికి ముప్పై మంది కలిసి బయల్దేరితే, తిరిగొచ్చేటప్పుడు అందరికంటే ముందు కనిపించేది ఆమే. సంతలో టమాటాలమ్మే ఆడవాళ్ళు కూడా చెయ్యెత్తి పలకరించేవాళ్ళు.

పోటీల్లో మాత్రం రెండేళ్ళుగా ఒకటే వరస. పది కిలోమీటర్లకు ముప్పై మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఒకసారి పద్దెనిమిది, ఇంకోసారి ఇరవై రెండు. ఏడో కిలోమీటరు దాటగానే కాళ్ళు మొద్దుబారిపోయేవి. ఆమెకిప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, కొడుకు కిగెన్‌కి నాలుగు. ఎనిమిది వారాల్లో ఎల్డొరెట్ పట్నంలో ఎంపిక పరుగు. ముప్పై మూడు నిమిషాల లోపు వస్తే పోలీసు జట్టులో చోటు, దాంతోపాటు ఉద్యోగం. వచ్చే ఏడు మళ్ళీ పెట్టినా, అప్పటికి ఆ ఉద్యోగానికి వయసు దాటిపోతుంది.

కిబొగి మాస్టారు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ గుంపుకి శిక్షణ ఇచ్చేది ఆయనే. జెరోప్ పరుగులు రాసుకునే నోటుపుస్తకం మొత్తం తిరగేసి అడిగారు.

"వారానికి ఎన్ని పోటీలు గెలుస్తున్నావమ్మా?"

"వారవారం పోటీలెక్కడివి మాస్టారూ?"

"సోమవారం ఒకటి గెలిచావు. బుధవారం ఒకటి. శుక్రవారం ఇంకొకటి. నెమ్మదిగా వెళ్ళమన్న రోజులన్నీ నువ్వే ఫస్టు. అసలు గట్టిగా పరిగెత్తాల్సిన మంగళవారానికి కాళ్ళలో ఏం మిగల్లేదు."

ఆ మూడు రోజులూ ఇకనుంచి చెప్టూతో వెళ్ళాలన్నారు. ఆమెకంటే ఒక్క అడుగు కూడా ముందు వెయ్యకూడదు.

చెప్టూకి కాన్పయి ఐదు నెలలు. బిడ్డకి పాలిచ్చి, అత్తగారి మీద పితూరీలు చెప్పుకుంటూ, నడక కంటే కాస్త నయంగా సాగేది. మొదటి రోజు జెరోప్‌కి ఒళ్ళంతా దురద పుట్టినట్టయింది. వారం తిరక్కుండానే అదే దారిలో పరిగెత్తే జెబివొట్ కంట్లో పడ్డారు. ఆమె కూడా ఎల్డొరెట్ ఎంపిక పరుగుకి వెళ్తోంది.

"ఏంటి కిగెన్ అమ్మా, మేకలు తప్పిపోయాయా?" అంది జెబివొట్ జెరోప్‌తో, దాటిపోతూ.

"అవును. ముందెళ్తున్నావుగా, కనిపిస్తే కేకెయ్యి," అంది చెప్టూ.

జెరోప్ పళ్ళు బిగపట్టింది. రెండు వారాలు అలాగే ఓర్చుకుంది. మూడో వారం సోమవారం జెబివొట్ మళ్ళీ దాటుతూ, "పాపం, మోకాళ్ళ నొప్పులా?" అనేసరికి ఇక పట్టలేకపోయింది. చెప్టూని మాట మధ్యలోనే వదిలేసి పరుగందుకుంది. రంపపు మిల్లు దగ్గర జెబివొట్‌ని దాటి, వెనక్కి తిరక్కుండా ఊళ్ళోకి వచ్చింది. ఆ రోజంతా ఆమెకి హాయిగా ఉంది.

మర్నాడు మట్టి ట్రాక్ మీద పది సార్లు వెయ్యి మీటర్లు. ఒక్కొక్కటి మూడు నిమిషాల పన్నెండు సెకన్లలో రావాలి. అయిదు బాగానే వచ్చాయి. ఆరోది ఇరవై ఒకటి. ఏడోది ఇరవై ఆరు. మాస్టారు వాచీ జేబులో పెట్టేసుకున్నారు.

"ఇంటికెళ్ళు."

"ఇంకా మూడున్నాయి మాస్టారూ."

"అవి నిన్న దారిలో అయిపోయాయమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు. జెరోప్ బూట్లు విప్పి చేత పట్టుకుని ఇంటికి నడిచింది.

బుధవారం చెప్టూ ఇంకా బయటికి రాకముందే జెరోప్ ఆమె వాకిట్లో నిలబడింది.

"వచ్చావా? మా అత్త పాల సొరబుర్ర పగలగొట్టిన దాకా చెప్పాను," అంది చెప్టూ, ఏం జరగనట్టే.

"తర్వాతేమైంది?"

తర్వాతేమైందో వినడానికి వారాలు పట్టింది. జెబివొట్ దాటిపోతూ ఏదో అనేది. చెప్టూ తిప్పికొట్టేది. జెరోప్ నవ్వేది. ఏడో మంగళవారం పదికి పదీ మూడు నిమిషాల పది సెకన్ల లోపే వచ్చాయి. చివరిదైతే మూడు నిమిషాల నాలుగు. మాస్టారు ఆ అంకె రాసుకున్నారు.

ఎల్డొరెట్‌లో ట్రాక్ మీద ఇరవై అయిదు చుట్లు. జెబివొట్ మొదటి చుట్టు నుంచే ముందుకు దూకింది. అయిదో కిలోమీటరుకి ముప్పై మీటర్ల ఎడం. వెంటపడమని కాళ్ళు లాగాయి. జెరోప్ వాటిని వదల్లేదు. తన చుట్టు సమయం తనకి తెలుసు, అది తప్పట్లేదు. ఏడో కిలోమీటరు వచ్చింది. మొద్దుబారడం ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకుంది. మొదలవలేదు. ఊపిరి భారమైంది గాని, నేలని తన్నిన ప్రతిసారీ కాలు తిరిగి లేస్తోంది. ఇరవై రెండో చుట్టులో జెబివొట్‌ని దాటింది. జెబివొట్ వెంట పడబోయి, వంపు దగ్గరే వెనకబడిపోయింది. చివరి చుట్టు గంట మోగినప్పుడు జెరోప్ ముందు ఎవరూ లేరు.

ముప్పై రెండు నిమిషాల యాభై ఒక్క సెకన్లు.

జట్టు అధికారి, ఒడ్డూపొడుగూ ఉన్న పెద్దావిడ, అట్ట మీద పేరు రాసుకుంటూ వచ్చింది.

"సోమవారం నుంచి శిబిరం. నెలరోజులు ఇంటికి పంపించం. ఇంట్లో పిల్లలుంటే ఎవరు చూసుకుంటారు?"

"మా అత్తగారు," అంది జెరోప్, మోకాళ్ళ మీద చేతులానించి ఊపిరి తీసుకుంటూ. "పోయిన వారమే అడిగి ఉంచాను."