కావేరి కూత

పొద్దున గూడూరులో మటన్ కొట్టు ముందు నిలబడితే, కొక్కేనికి వేలాడుతున్న మేక ఊపిరితిత్తులు కనిపించాయి. అంతే, మన మూడో తరగతి, ఉప్పుగాలికి పెచ్చులూడిన ఆ గోడలు, సుశీల టీచర్ గుర్తొచ్చారు. నేస్తాల్లారా, మీకూ గుర్తుందా?

మన కావేరికి ఆయాసం ఉండేది. కాస్త పరిగెత్తితే చాలు, ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. లోపల దయ్యం కూర్చుందని వాళ్లవ్వ మెడనిండా తాయెత్తులు కట్టింది. మనం ఆడుతుంటే అది చెప్పుల దగ్గర కాపలా కూర్చునేది.

ఒకరోజు టీచర్ అరిటాకులో మేక ఊపిరితిత్తులు తెచ్చారు. నీచు వాసనకి అందరం ముక్కులు మూసుకున్నాం. ఆమె వాటి గొట్టంలోకి బొప్పాయి కాడ దూర్చి ఊదారు. ముడుచుకున్న తిత్తులు గులాబీరంగులో ఉబ్బుతుంటే నోళ్లు తెరిచి చూశాం.

కావేరి మెల్లగా అడిగింది. "టీచర్, నా లోపల దయ్యం ఎక్కడుండాది?"

టీచర్ కాడను వేళ్లతో నొక్కిపట్టి, "ఇప్పుడు నువ్వు ఊదు" అన్నారు. కావేరి ఎంత ఊదినా తిత్తులు సరిగా లేవలేదు.

"చూసినావా? లోపల దారి ఇరుకైతే గాలి ఇట్టా కష్టపడతాది. దయ్యం లేదమ్మా. దీనికి మందుండాది."

ఆ సాయంత్రమే ఆమె వాళ్లింటికి పోయి అవ్వను ఒప్పించారు. మర్నాడు కావేరిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, పీల్చే మందు ఇప్పించారు.

కొన్నాళ్లకి, ఇసకలో కబడ్డీ ఆడుతుంటే కావేరి లేచొచ్చింది. "ఈసారి కూతకి నేను పోతా" అంది.

కూత ఎక్కడ తెగుతుందోనని అవతలి జట్టు కూడా ఊపిరి బిగబట్టింది. తెగలేదు. కావేరి ఇద్దర్ని తాకి, నవ్వుతూ వచ్చి గీతకి ఇవతల పడింది.