బాపు బాణీ, నా చిందులు

పన్నెండు దేశాల్లో చప్పట్లు కొట్టించుకున్న పాటతో సొంతగడ్డ మీద జనం చేత చెప్పులు విడిపించిన గాయని ఎక్కడైనా ఉందా అని వెతక్కండి. ఇదిగో, నేనే. ఆ సాయంత్రం నా పరువు ఎలా మంట గలిసిందో చెబుతాను, నవ్వుకోండి. మా బాపు, అదే మా నాన్న, ముందు మాత్రం ఎత్తకండి.

కొండపాక దగ్గర మాది పాటల కుటుంబం. బాపు మెడలో హార్మోనియం, అన్నల చేతుల్లో డోలక్, తాళాలు. పండగలకు భజనలు పాడేదీ, ఊళ్ళో ఎవరైనా కాలం చేస్తే పాడె ముందు నడుస్తూ తత్వాలు పాడేదీ మావాళ్ళే. ఆడపిల్లనని నన్ను వెంట రానిచ్చేవారు కాదు. చావు మాటలు ఇంట్లో పలకకూడదని, సాధన చేసేటప్పుడు బాపు మాటలన్నీ మింగేసి ఉత్త బాణీ తీసేవాడు. వంటింట్లో కూర్చుని అన్నీ పట్టేశాను. ఏది ఎందుకు పాడతారో మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అంత తెలివి నాది!

తర్వాత ఊరూరా తిరిగాను. దుబాయ్ హోటల్లో అరబ్బీ పాటలు, మూడేళ్ళు ఓడలో స్పానిష్ పాటలు, జపాన్‌లో బిస్కెట్ల ప్రకటనకు "ఆహా" అని ఒకే ఒక్క ముక్క. సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టాక బాపు బాణీ ఒకటి తీసి, వేగం నాలుగింతలు పెంచి, డ్రమ్స్ తగిలించాను. లిస్బన్‌లో తాతలు కూడా గంతులేశారు. విలేకరులు అడిగితే "మా ఇంటి పండగ పాట" అని గొప్పలు పోయాను.

బాపు మాత్రం నా పాట వినలేదు. "బువ్వ తినేటోళ్ళ ముందట పాడుడు గూడ పాటేనా?" అని ఆయన అన్న మాట పదేళ్ళు నన్ను కొరికింది. నిరుడు సిద్దిపేటలో కచేరీ పెట్టినప్పుడు బతిమాలితే వచ్చాడు. ఊళ్ళోని ముసలివాళ్ళందరినీ వెంటేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. ఆయన నోట "బాగుంది బిడ్డా" అనిపించుకోవాలి, అంతే నా కోరిక.

"గిది మా బాపు పాట! అందరు లేవాలె, ఎగరాలె!" అని అందుకున్నాను.

లేచారు. వెనక కుర్రాళ్ళు ఎగిరారు. ముందు వరస మాత్రం చెప్పులు విడిచి చేతులు జోడించింది. భక్తి అనుకున్నాను, చూడండి నా ఖర్మ! ఇంకా హుషారుగా ఊగాను. ఇంతలో డ్రమ్స్ ఆగిన సందులో ఒక పెద్దమ్మ పక్కామెను అడగడం వినిపించింది.

"అయ్యో, ఎవలు పోయిన్రే?"

"ఎవలో ఏమో వదినా. గని మస్తు తొందర్ల ఉన్నరు."

పాట ఆపేశాను. బాపు స్టేజీ ఎక్కాడు.

"గది ఏం పాటనో ఎర్కేనా బిడ్డా?"

"పండుగ పాట గాదా బాపు?"

"పాడె లేపినంక పాడేది. నీ తాళానికి మోసేటోళ్ళు ఉరికితే పీనుగ కింద పడ్తుండె."

అది మైకులో వినబడి హాలంతా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. జన్మకొక్కసారి వినడానికి వచ్చిన మనిషి ముందే, ఆయన బతుకంతా మోసిన పాటను ఆటబొమ్మను చేశాను. "తప్పయింది బాపు" అన్నాను.

ఆయన మైకు తీసుకుని, మాటలతో సహా, నడిచే వేగంలో పాడాడు. ఆ మాటలు నేను వినడం అదే మొదటిసారి. రెండో చరణంలో నేనూ గొంతు కలిపాను. వద్దనలేదు.

స్టేజీ దిగుతూ నా చెవిలో అన్నాడు. "నేను పోయిననాడు మీ అన్నలతోని నువ్వు గూడ ముందట నడువు. నీ తీరుగనే పాడు. జర హుషారుగ పోతా."

కాబట్టి మైకు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏ బాణీ ఎందుకో అడగకుండా ఇక ఏ దేశంలోనూ ఎగరను, ఎవరినీ ఎగిరించను. ఆ పాటను కచేరీల్లోంచి తీసేశాను. దాన్ని మళ్ళీ ఎంత ఆలస్యంగా పాడాల్సి వస్తే అంత మంచిది.