రోకలి సప్పుడుకు లేచిన దూలం

ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు, ఈ రాసిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను ఒట్టు పెట్టినప్పుడల్లా మా ఇంటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటది గానీ, మీరు నమ్మాలె. మొన్న హుజూర్‌నగర్‌ల జొన్నలు పట్టించుకుందామని గిర్నీ కాడ నిలబడితే, వెచ్చటి పొట్టు వాసన ముక్కుకు తగిలి, నలభై ఏండ్ల కిందటి ఒక పగలు కండ్ల ముందుకొచ్చింది.

మాది సాలోళ్ల ఇల్లు. కార్తీకం వచ్చిందంటే పొద్దుగాల్నే కాగే గంజి వాసన, నూలు తోడే అమ్మ చేతి గాజుల గలగల, ఉడకబెట్టిన అనపకాయలు, దాగుడుమూతలకు పనికొచ్చే మగ్గం గుంటలు, ఇదే నా లోకం. ఆ ఏడు గాలివాన వచ్చి గుంటలన్నీ నీళ్లతో నింపింది. కోసు దూరంలోని క్రైస్తవుల వాడలో చర్చి కప్పు లేచిపోయి, నడి దూలం రెండు ముక్కలైంది.

రజాకార్లు మా ఊరి మీద పడ్డప్పుడు మేము రెండు రాత్రులు తలదాచుకున్నది ఆ చర్చిలనే. ఇప్పుడు ఆ వాడ మొగోళ్లు సగం అడవిల, సగం జైల్ల. అందుకని మావోళ్లు పన్నెండు మంది కొత్త వేప దూలాన్ని బండికెత్తుకొని బయలుదేరిన్రు. బాపు నన్ను బండి మీద కూసోబెట్టుకున్నడు.

రజాకార్లు పోయిన్రు గానీ భయం పోలేదు. పోలీసు యాక్షనుతో వచ్చిన మిల్ట్రీ ఆ వాడ పక్కనే క్యాంపు వేసి, నలుగురికి మించి గుమిగూడితే సంఘపోళ్లే, అంటే కమ్యూనిస్టులేనని హుకుం జారీ చేసింది. మా చిన్నాయన నిజంగనే సంఘంల ఉన్నడు. ఆయన జాడ చెప్పుమని బాపును రెండుసార్లు క్యాంపుకు పిలిచిన్రు. మూడోసారి పిలుపొచ్చినోళ్లెవరూ తిరిగి ఇల్లు చేరలేదు.

మొండిగోడల నడుమ మనుషులు కనబడరు, సరే. కానీ దూలం లేవాలంటే ఒకడు 'హైలెస్సా' అని కేకెయ్యాలె, అందరి భుజాలు ఒక్కసారే కదలాలె. కేకేస్తే క్యాంపుకు వినబడతది. వెయ్యకుంటే ఒక కొస లేచి ఇంకో కొస జారి, ఎవరి నడుమో విరుగుతది.

వాడకు పెద్దదిక్కు మరియమ్మ, చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నది. "మగ్గం నేసేటోళ్లు గదయ్యా మీరు, సప్పుడును బట్టి చెయ్యి ఆడదా? మేం దంచుతం, మీరు లేపుండ్రి. ఆడోళ్లు దంచుకుంటే ఏ సర్కారు అడుగుతది?"

"దంచెతందుకు గింజలేవి, మరియమ్మా?" అన్నడు బాపు.

"పొట్టున్నది గదా. మాకు అలవాటే."

నడి మధ్యాహ్నం చర్చి ముందర నాలుగు రోళ్లు, ఎనిమిది రోకళ్లు. దుబ్బుమన్నప్పుడల్లా లోపల దూలం బెత్తెడు లేచేది. గోడ కొస ఇంకో జానెడున్నదనంగ తొవ్వ మీద బూట్లు కనబడ్డయి. రోకళ్లు ఆగితే దూలం బాపు మీద పడతది. ఆడోళ్లు తల ఎత్తలేదు, దెబ్బ తప్పలేదు.

క్యాంపు జమాదారు సక్కగ మరియమ్మ రోటి కాడికి వచ్చిండు. ఆ ఒక్క రోటి రోకళ్లే ఆగినయి, మిగతా ఆరు దంచుతనే ఉన్నయి. ఆయన రోట్లో చెయ్యి పెట్టి పిడికెడు పొట్టు తీసి, గింజలేవని ఉర్దూల అడిగిండు. అక్కడ ఉర్దూ బడి మెట్లెక్కినోణ్ని నేనొక్కణ్నే. మరియమ్మ రోటి పక్కన కూసున్నోణ్ని లేచి నిలబడి, అప్పటికప్పుడు ఒక అబద్ధం అల్లిన.

"గింజలు వానకు కొట్టుకపోయినయి సాబ్. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. రోకలి సప్పుడింటే అవ్వ కూడు వండుతాందనుకొని ఊకుంటరు. అందుకే పొట్టు దంచుతున్నరు."

జమాదారు వాడ ఇండ్ల గడపల దిక్కు చూసిండు. పిల్లలు వరుసగ కూసొని, కిక్కురుమనకుండ రోళ్లనే చూస్తున్నరు. పిడికిట్ల పొట్టును ఒక్క రవ్వ కింద పడకుండ మళ్లా రోట్లెనే పోసి, చర్చి మొఖం చూడకుండనే మళ్లిపోయిండు. బూట్ల సప్పుడు ఆగినంక ఇంకో నాలుగు దెబ్బలకు దూలం గోడ మీద కూసున్నది. ఎవ్వరూ కేకెయ్యలేదు. బాపు తోలు లేచిన భుజంతోని బయటికొచ్చి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

ఇప్పుడు ఆ చర్చికి స్లాబు పడ్డది. దూలం ఏ పొయ్యిల కాలిందో తెల్వదు. ఒక రోలు మాత్రం మిగిలింది, దాంట్లె నిలిచిన వాన నీళ్లు కోళ్లు తాగుతున్నయి.

ఒట్టు పెట్టిన గనక ఒప్పుకోవాలె. ఆ మాట నేనల్లింది కాదు. జమాదారు అడిగింది నేను తెలుగుల మరియమ్మ చెవిన ఏసిన. ఆ జవాబు చెప్పింది మరియమ్మ, రోకలి మీది చెయ్యి తియ్యకుండ. నేను ఉర్దూల అప్పజెప్పిన, అంతే. నలభై ఏండ్ల సంది అది నా తెలివని చెప్పుకొని తిరుగుతున్న.

నేను కల్పించింది ఇంకోటి కూడ ఉన్నది. మరియమ్మ చెప్పిన ఆ మాటను అబద్ధమని పైన రాసిన, అదే. సాయంత్రం రోళ్లన్నీ ఆగినంక, బాపు సద్దిమూట విప్పి పిలిస్తే ఆ పిల్లలు లేవలేదు. కూడు రోట్ల నుంచే వస్తదని, ఇంకా అటే చూస్తున్నరు.