నోటిమాటకు సంతకం

మా మామయ్యతో ఎవరు ఏ మాటన్నా ముందు "ఎవరు చెప్పారు?" అంటాడు. అని ఊరుకోడు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, తేదీ, వేళ వేసి, చెప్పిన మనిషి పేరు రాసి, కింద సంతకం పెట్టించుకుంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఈ వరస ఒక్కరోజు తప్పలేదు.

"ఏమండీ, వానొచ్చేలా ఉంది. గొడుగు తీసుకెళ్లండి" అంది అత్తయ్య ఓసారి.

"ఎవరు చెప్పారు?"

"ఆకాశం చెప్పింది!"

"ఆకాశం సంతకం పెట్టదు" అని చేతులూపుకుంటూ వెళ్లి, తడిసి ముద్దయి వచ్చాడు.

డాక్టరు షుగరుంది, తీపి మానమంటే, రక్తపరీక్ష చేసినావిడను వెతికి పట్టుకుని ఆవిడ సంతకం తీసుకున్నాకే మానాడు. ఏదో కేసులో ఇరుక్కున్నాననుకుని పాపం ఆవిడ రెండ్రోజులు డ్యూటీకి రాలేదట.

ఆయన గృహనిర్మాణ శాఖలో సూపరింటెండెంటు. నేను అదే సెక్షన్లో టైపిస్టుని. ఆయన మేనకోడలినని తెలిసినవాళ్లంతా నన్ను ఏడిపించుకు తినేవారు.

ఆ ఏడు వరదలో ఇళ్లు పోయినవాళ్ల కోసం రెండు వందల ఇళ్లు కట్టారు. జాబితా నేనే టైపు చేశాను. వారం తిరక్కుండా మంత్రిగారి పీఏ ఇంకో జాబితాతో వచ్చాడు.

"అమ్మాయ్, పాతది చింపేసి ఇది కొట్టు. మంత్రిగారి మాట."

చూస్తే అన్నీ మంత్రిగారి మనుషుల పేర్లు. కింద ఎవరి సంతకమూ లేదు. ఇంతలో నా వెనక నుంచి గొంతు.

"ఎవరు చెప్పారు?"

"మంత్రిగారేనయ్యా!"

"ఎన్నింటికి?"

"పదకొండింటికి. నీకు దండం పెడతాను, నన్నొదిలెయ్!"

"దండం వద్దు. ఇక్కడ సంతకం పెట్టండి."

పీడ వదిలితే చాలనుకుని పీఏ గీకేసి వెళ్లాడు. మామయ్య పైకి అభ్యంతరం రాసి పంపాడు. అది వెళ్లినచోటే పడుకుంది. నాకు కొత్త జాబితా కొట్టక తప్పలేదు. పాతదాన్ని మాత్రం ఆయన చింపనివ్వలేదు.

ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం పోయింది. ఆఖరిరోజు మధ్యాహ్నం ఆఫీసంతా అట్టపెట్టెలు, ఊడదీసిన పేరుపలకలు. పీఏ ఖాళీ అట్టపెట్టె ఒకటి పట్టుకుని, చెమటలు కక్కుతూ మా సెక్షన్లోకి వచ్చాడు.

"నీ నోటుపుస్తకాలన్నీ ఇచ్చెయ్. మంత్రిగారు తెమ్మన్నారు."

మామయ్య కలం మూత తీశాడు. "ఎవరు చెప్పారన్నారు? మంత్రిగారా? ఎన్నింటికి?"

పీఏ అట్టపెట్టె కూడా వదిలేసి పారిపోయాడు.

కొత్త ప్రభుత్వం ఓ జడ్జిగారి చేత విచారణ వేసింది. "నాకేమీ తెలియదు, ఎవరో టైపిస్టు పొరపాటు చేసుంటుంది" అన్నాడు మాజీ మంత్రి. అంతే, నన్ను సస్పెండు చేశారు. మూడు రోజులు అన్నం సయించలేదు.

"ఏడవకు. మొహం కడుక్కుని విచారణకి రా" అన్నాడు మామయ్య.

విచారణ గది కిక్కిరిసి ఉంది. మాజీ మంత్రి తెల్లబట్టల్లో మెరిసిపోతూ, "జాబితా మార్చమని ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో నాకేం తెలుసు?" అన్నాడు.

మామయ్య లేచి నిలబడ్డాడు. "నాకు తెలుసు సార్."

గుడ్డసంచిలోంచి నలభై మూడు నోటుపుస్తకాలు బల్ల మీద కుమ్మరించాడు. దుమ్ముకి జడ్జిగారు రెండుసార్లు తుమ్మారు. తర్వాత చదవడం మొదలుపెట్టి తల ఎత్తలేదు. తన సంతకం చూడగానే పీఏ నీరుగారిపోయి జరిగిందంతా చెప్పేశాడు. మాజీ మంత్రి మెరుపు అక్కడితో ఆగిపోయింది.

జడ్జిగారు ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నారు. ఫలానా చోటికి కారు తీసుకెళ్లమని డ్రైవరుకి ఎవరు చెప్పారు, ఫైలు ఇంటికి మోయమని బంట్రోతుకి ఎవరు చెప్పారు, అన్నీ ఉన్నాయి.

"ఏమయ్యా, ఆఫీసు సంగతుల్లో మీకు చెప్పినవి ఒక్కటీ లేవే?"

"నాకు కాగితం మీద వస్తాయి సార్. నోటితో చెప్పేది చిన్నవాళ్లకే. రేపు తేడా వస్తే చూపించుకోడానికి వాళ్ల దగ్గర ఏముంటుంది?"

వెనక బెంచీలో మా డ్రైవరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం నేను చూశాను. ఇన్నేళ్లూ ఆయన చాదస్తమనుకున్నది మా అందరికీ కాపలా అని ఆ పూట తెలిసింది.

నా ఉద్యోగం నాకొచ్చింది. మొదటి జాబితా ప్రకారమే ఇళ్లిచ్చారు. తాళాలిచ్చిన రోజు మామయ్యను బలవంతాన తీసుకెళ్లాను. బట్టలు కుట్టుకు బతికే ఓ ముసలావిడ తన కొత్త తలుపు తీసి, వేసి, మళ్లీ తీసి మురిసిపోతోంది. మామయ్య సిగ్గుపడి వీధి మలుపులోనే నిలబడిపోయాడు. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చి, "మా మామయ్యండీ!" అని వీధి వీధంతా వినబడేలా చెప్పాను.

ముసలావిడ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ బయటికి తెచ్చి కొంగుతో తుడిచింది. "రా అన్నా, కూర్చో. మా ఇంటికి మొదటి చుట్టానివి నువ్వే."

ఆయన నావైపు చూసి, చొక్కా సర్దుకుని, మహారాజులా కూర్చున్నాడు.