గుర్రపాయన చావు కబురు

ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ రెండు రకాల చుట్టాలుండేవాళ్లు. పెళ్లికీ చావుకీ వచ్చే చుట్టాలు ఒక రకం, వారపత్రికలో వచ్చే చుట్టాలు ఇంకో రకం. మొదటి రకంతో పొలం గట్ల తగాదాలు, పెట్టని చీరల మీద అలకలు ఎప్పుడూ ఉండేవే కాబట్టి, జనం తమ ప్రేమంతా రెండో రకం మీద పోసేవాళ్లు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లలోనూ ఎనభైల చివర్లో అలా ఇంటింటికీ దగ్గరి చుట్టమైనవాడు ఒక కాకతీయుల కాలం సేనాని. ఆయనకు రచయిత్రి నోరు తిరగని పేరొకటి పెట్టింది గాని, మా వైపు ఆడవాళ్లు ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు. ఇంటాయన పేరు పలకడానికి మొహమాటపడ్డట్టే పడి, "గుర్రపాయన" అనేవాళ్లు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వరంగల్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే ఒక పిల్ల, కోటలో పాడుబడ్డ దిగుడుబావి మెట్లు దిగితే కాకతీయుల కాలంలో తేలుతుంది. అక్కడ గుర్రపాయనతో ప్రేమ. మెట్లెక్కితే మళ్లీ డ్యూటీ. ఇలా ఏళ్ల తరబడి ఆ పిల్ల దిగుతూ ఎక్కుతూ ఉండేది (ఆమె సెలవు చీటీలు ఏ ఆఫీసరు మంజూరు చేశాడో రచయిత్రి ఒక్కసారీ చెప్పలేదు). కథ నడక ఎలా ఉండేదంటే, నాట్లప్పుడు గుర్రమెక్కడానికి కాలెత్తిన సేనాని, కోతలప్పుడు జీనుమీద కూర్చున్నాడు. ఒకసారి బొమ్మలేసే ఆయన నిద్రమత్తులో సేనాని చేతికి గడియారం వేశాడు. మామూలు మనుషులైతే నవ్వి ఊరుకుంటారు. మనవాళ్లు నవ్వలేదు. ఆ గడియారం టెలిఫోన్ పిల్లే ప్రేమతో ఇచ్చి ఉంటుందని పత్రికకు ఉత్తరాలు రాశారు. రచయిత్రికి అంతకన్నా ఏం కావాలి? ఆ గడియారం ఇచ్చిన సీనుతో నెల్లాళ్లు గడిపేసింది.

నేనప్పుడు కోదాడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారుని. సొంతూరు సూర్యాపేట. ఇలాంటి చెత్త నేను చదవనని స్టాఫ్ రూములో గట్టిగా చెప్పేవాణ్ణి. బుధవారం సాయంత్రం బస్టాండుకు పోయేది టీ తాగడానికేనని కూడా చెప్పేవాణ్ణి. పత్రిక విజయవాడలో అచ్చయ్యేది. కట్ట బుధవారం సాయంత్రానికి కోదాడలో దిగేది, మర్నాటికి సూర్యాపేట చేరేది, అక్కడ బస్సు మారి శుక్రవారానికి గాని మిర్యాలగూడకు పోయేది కాదు. అంటే కోదాడవాళ్లకు బుధవారం తెలిసిన సంగతి మిర్యాలగూడవాళ్లకు భవిష్యత్తు. ఈ ఒక్క కారణంగా కోదాడవాళ్లు మిగతావాళ్లను కాస్త జాలిగా చూసేవాళ్లు.

నాకు సంబంధం కుదిరింది కూడా ఈ కారణంగానే, నా అందం చూసి కాదు. పిల్లది మిర్యాలగూడ. ఆ ఇంట్లో మాట చెల్లేది పిల్ల నాయనమ్మది. వీధిలో తగాదాలన్నీ ఆమె అరుగు మీదే తీరతాయని అందరూ ఆమెను జడ్జమ్మ అనేవాళ్లు. ఆమెకు చదువు రాదు. శుక్రవారం మధ్యాహ్నం మనవరాలు సీరియల్ పైకి చదివితే, జడ్జమ్మతోబాటు వీధిలో ఆడవాళ్లంతా కూర్చుని వినేవాళ్లు. నాతోబాటు పెద్దవూర నుంచి ఇంకో సంబంధం కూడా పోటీలో ఉంది. ఆ అబ్బాయికి ట్రాక్టరుంది, మోటారు బావి ఉంది. నాకు ఒక సైకిలుంది. పెళ్లిచూపుల్లో జడ్జమ్మ నా జీతం అడగలేదు. "కోదాడల పుస్తకం ఎన్నడొస్తది?" అని అడిగింది. బుధవారమన్నాను. పెద్దవూరకు వారం గడిస్తే గాని రాదని ఆమె అప్పటికే ఆరా తీసి పెట్టుకుంది. ఆ తర్వాత ట్రాక్టరు ఊసు ఆ ఇంట్లో ఎత్తింది పిల్ల తండ్రి ఒక్కడే. అప్పట్నుంచి బుధవారం నేను పత్రిక కొనడం, గురువారం పొద్దున మిర్యాలగూడ పోయే మొదటి బస్సు డ్రైవరు చేతికివ్వడం. ఊరందరికన్నా ఒక రోజు ముందే కథ తెలిసిన ఇంటి పెద్దగా జడ్జమ్మ పరపతి పెరిగింది.

పూలూ పండ్లూ మార్చుకునే రోజు ఒక గురువారం నాడు పెట్టారు. అది దాటితే మూఢం, మళ్లీ మంచిరోజులకు నెలలు ఆగాలి. పెద్దవూరవాళ్లేమో ఇంకా కబుర్లు పంపుతూనే ఉన్నారు. ముందురోజు సాయంత్రం కోదాడ బస్టాండులో పత్రిక తెరిచానా, గుర్రపాయనను చంపేశారు. బావి గట్టున, టెలిఫోన్ పిల్ల దిగొచ్చేలోగా, ఎవడో బల్లెం విసిరాడు. కన్నుమూశాడని సాఫుగా రాసి ఉంది. నేను చదవని చెత్తే కదా. అయినా టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఆ బాధలో సగం సేనాని కోసం, సగం నా కోసం.

పొద్దున మిర్యాలగూడ బస్టాండులో, సూర్యాపేట నుంచి మావాళ్లతో దిగిన అమ్మను పక్కకు తీసుకుపోయి సంగతి చెప్పాను. అమ్మ తొణకలేదు. "నోరు మూసుకోని ఉండు. మా అక్క లగ్గం నాడు మా తాత పోయిండు. తాళి కట్టిందాంక ఎవ్వలకన్న చెప్పినమా? శుభకార్యంల చావు మాట తీయరు" అన్నది. పుస్తకం నా సంచిలో అడుక్కు తోసేసింది.

గడపలో కాళ్లు కడుక్కుంటుండగానే జడ్జమ్మ ఎదురొచ్చింది. "పుస్తకమేది బిడ్డా? డ్రైవరు ఉత్తచేతులతోని పోయిండు."

"శుభకార్యం కానియ్యండి పెద్దమ్మా, పుస్తకం యాడికి పోతది" అని అమ్మ అడ్డం పడింది.

"జర నోటితోనన్న చెప్పుర్రి. గుర్రపాయన బావికాడికి చేరిండా?"

"చేరిండవ్వా" అన్నాను. అబద్ధం కాదు. చేరాడు పాపం, చేరే పోయాడు.

చాపలు పరిచారు. పళ్లేల్లో కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, చీర పెట్టారు. పంతులుగారు గొంతు సవరించుకున్నారు. సరిగ్గా అప్పుడు పిల్ల పిన్ని కోదాడ నుంచి దిగింది. ఆమె కోదాడలో కాపురముంటుందని నాకు తెలుసు. బుధవారమే పక్కింటి పుస్తకం అరువు తెచ్చుకుని చదివేస్తుందని నాకు తట్టలేదు. లెక్కల సారుకు ఇంత చిన్న లెక్క తప్పింది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. గడప అవతలే ఆగిపోయింది. మంచినీళ్లిస్తే తీసుకోలేదు. చావు కబురు తెచ్చినవాళ్లు కూర్చోరు, నీళ్లు ముట్టరు. అది చూసి ఇంట్లో అందరూ నిలబడ్డారు.

"ఎవలమ్మా?" అంది జడ్జమ్మ.

"ఏం చెప్పమంటారు అత్తయ్యగారూ, మన గుర్రపాయన పోయాడండీ. వెనకనించి బల్లెం విసిరారంట. ఒక్క మాటైనా మాట్లాడకుండా పోయాడు."

(మా మేనమామ పాపం, సీరియల్ సంగతి ఎరగడు. నెత్తిమీది రుమాలు తీసి చేత్తో పట్టుకుని, "ఎవరి తరపాయన?" అని నా చెవిలో అడిగాడు.)

జడ్జమ్మ ఏడవలేదు. నా వైపు తిరిగి, "నీకు ఎర్కనా?" అంది. నేను కొబ్బరికాయ వైపు చూశాను. "పుస్తకం నీ సంచిల ఉన్నది. ఎర్కుండి నా ఇంట్ల నీళ్లు తాగినవ్. చావు దాసి పూలు పండ్లు మార్సుకుంటరా? ఇగ లేవుండ్రి. దినాలు అయిపోయినంక సూద్దాం" అంది.

మా అమ్మకు కోపం నోటి దాకా వచ్చి ఆగే అలవాటు లేదు. "కథల సచ్చినోనికి మైల ఏంది పెద్దమ్మా? తుంగతుర్తిల మీ సొంత పాలోడు, దాయాదే పోతే చెంబెడు నీళ్లు గూడ పోసుకోలేదంట గద మీరు" అంది.

ఇక సంబంధం ఖతమనుకున్నాను. పిల్ల తండ్రి ముఖంలో మాత్రం ట్రాక్టరు స్టార్టయినట్టు చిన్న వెలుగు కనిపించింది. జడ్జమ్మ నింపాదిగా, "ఆ పాలోడు ఉన్నన్నొద్దులు మా గట్టు కొరికిండు. ఈయన ఏం కొరికిండమ్మా? వారం వారం ఇంటికొచ్చి మంచి మాటలు చెప్పి పోయిండు. ఎవ్వలకు తానం చెయ్యాల్నో నాకు ఎర్కలేదా?" అంది. వీధిలో ఆడవాళ్లు తలలూపారు. నిజం చెప్పాలంటే నేనూ ఊపాను. మావాళ్లు పళ్లేలు సర్దడం మొదలుపెట్టారు.

అప్పుడు లోపలి గదిలోంచి పెళ్లికూతురు గొంతు వినిపించింది. పెళ్లికాని పిల్ల అలాంటి చోట నోరు విప్పకూడదు. ఆమె విప్పింది. "అయ్యగారూ, చావు ఎన్కశీర, శానా దినాలకు తెలిస్తే మైల ఎన్నొద్దులు పట్టాలె?"

పంతులుగారికి ఇంకో ఊళ్లో ఇంకో ముహూర్తం ఉంది. ఆయన చటుక్కున అందుకున్నారు. "ఏడాది దాటినంక తెలిస్తే దినాలు లేవమ్మా. తానం చేస్తే చాలు."

"గుర్రపాయన పోయింది కాకతీయులప్పుడు గద. మనకు ఇయ్యాల తెలిసింది."

పంతులుగారు వేళ్లమీద లెక్కపెట్టబోయి, శతాబ్దాలకు వేళ్లు చాలక వదిలేశారు. "ఏడు వందల ఏండ్ల మాట. మైల ఎప్పుడో పోయింది. తానం చేసి కూసోండి" అని తేల్చారు. శాస్త్రం మాట వచ్చాక జడ్జమ్మ ఎదురు చెప్పదు. అందరికన్నా ముందు ఆమే బోరింగు దగ్గరికి నడిచింది. ఆ వెనుక అటువాళ్లు, ఇటువాళ్లు, పిన్ని, మా అమ్మ, ఇంకా ఎవరు పోయారో తెలియని మా మేనమామ, అందరం వరసగా తలమీద నీళ్లు గుమ్మరించుకున్నాం. మా నిశ్చితార్థం ఫోటోలో ఒక్కరి జుట్టయినా ఆరలేదు. పిల్ల తండ్రి కూడా తడిసే ఉన్నాడు, కాకపోతే ఆయన దుఃఖం వేరు.

మరుసటి వారం గుర్రపాయన లేచి కూర్చున్నాడు. టెలిఫోన్ పిల్ల ఇచ్చిన స్టీలు టిఫిన్ డబ్బా మూత ఆయన నడుముకు కట్టుకున్నాడట, బల్లెం దానికి తగిలిందట. కన్నుమూశాడని రాసింది ఎవరు మరి? అలాంటివి అడిగే పాఠకులుంటే ఆ సీరియల్ అన్నేళ్లు నడిచేదే కాదు. జడ్జమ్మ మాత్రం అది తన స్నానం ఫలమేనని వీధంతా చెప్పుకుంది.

పెళ్లయ్యాక ఒకరోజు మా ఆవిణ్ణి అడిగాను, ఆ రోజు నా కోసమే కదా అంత ధైర్యం చేశావని. "నువ్వు పోతే పోతవు, వచ్చే వారం పుస్తకం ఎవలు పంపుతరు?" అంది. నవ్వుతూ చెప్పిందా అని ముఖం చూశాను. నవ్వలేదు.

ఈ పెళ్లిలో నష్టపోయినది ఎవరో ఆ సందట్లో ఎవరికీ తోచలేదు. మా ఆవిడ కోదాడ కాపురానికొచ్చి, బుధవారం తనే బస్టాండుకు పోయి వేడివేడిగా చదువుకునేది. మిర్యాలగూడకు పుస్తకం ఒక రోజు ముందే చేరేది గాని, చదివేవాళ్లు లేరు. జడ్జమ్మ పుస్తకం విప్పి బొమ్మలు చూసి దాచుకునేదట. ఆ సంగతి తెలిసి, ఆదివారాలు మేమే పోయేవాళ్లం. మా ఆవిడకు నెలలు నిండి బస్సెక్కలేని రోజులొచ్చాక నేనొక్కణ్ణే పోయాను. వీధి ఆడవాళ్లందరి మధ్య పీట వేసి కూర్చోబెట్టారు. నేను క్షేత్రగణితం చెప్పినట్టు చదువుతుంటే జడ్జమ్మ, "నువ్వు సదువుతుంటే గుర్రం గూడ నడుస్తది బిడ్డా" అంది.

కాసేపటికి సేనాని, టెలిఫోన్ పిల్ల వెన్నెల్లో ఒంటరిగా చిక్కారు. నేను గొంతు సవరించుకుని రెండు పేరాలు ఎగ్గొట్టి, తెల్లవారాక దగ్గర అందుకున్నాను.

"ఆగు" అంది జడ్జమ్మ. "మా పిల్ల గూడ గీడనే దుంకుతుండె. సదువు రాకుంటె ఇనరాదా నాకు? ఎన్నేండ్ల సంది ఎదురుసూస్తున్న. సదువు."

నేను చదివాను. భార్య నాయనమ్మకు, వీధిలో పాతికమంది ఆడవాళ్లకు, పట్టపగలు, మిర్యాలగూడ నడిబొడ్డున, లెక్కల సారునైన నేను, ఆ వెన్నెల పేరాలు పైకి చదివాను. చెవులు కాలిపోయాయి. ఆమె కళ్లు మూసుకుని విన్నది. నేను ఆపాక కళ్లు తెరిచింది.

"గంతేనా?" అంది.

ఈ వయసులో నేనూ అప్పుడప్పుడు ఆ రోజుల్లోకి దిగి వస్తుంటాను. ప్రేమకథలంటే వెక్కిరించిన ఆ పాతికేళ్ల కుర్రవాడు అక్కడ పీట మీద, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చుని ఉంటాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. జడ్జమ్మను చూస్తే మాత్రం, ఇంకొంచెం నెమ్మదిగా చదవాల్సింది అనిపిస్తుంది.